ఎడమ జేబు

ఆ బొమ్మల పుస్తకం పేరు ఇక్కడ రాయను. రాస్తే ఇది చదివినవాళ్ళలో ఇంకో నలుగురు కొంటారు. నా చేతుల మీదుగా ఆ రచయితకి ఆ మేలు జరగడం నాకిష్టం లేదు. జపాన్ వాళ్ళు ఇలాంటి వాటిని మాంగా అంటారు. పద్నాలుగు సంపుటాలు, తొమ్మిదేళ్ళ పాటు వచ్చింది. యాభై తొమ్మిదేళ్ళ వయసులో, బ్రాంప్టన్‌లో మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కూర మాడిపోతున్నా పట్టించుకోకుండా నేను అదంతా చదివాను. చదివించింది మా బేస్‌మెంట్‌లో అద్దెకున్న సరోజన. ఇది సరోజన కథ. ఆ పిల్ల పగ తీర్చుకున్న కథ. పగ అనే మాట మరీ పెద్దదని మావారు విశ్వేశ్వరరావు గారు అంటారు. ఆయన భోజనాల వరసలో ఉండి సగం చూడలేదు. నేను మొదటి వరసలో కూర్చుని చూశాను.

సరోజనది సిరిసిల్ల. వాళ్ళ నాన్న కొమరయ్య మరమగ్గాల చీరలకి అంచు డిజైన్లు గీస్తాడు. గ్రాఫ్ కాగితం మీద గడి గడి నింపుతూ గీయాలి. ఒక్క గడి తప్పితే చీర మొత్తం తప్పుతుంది. చిన్నప్పటి నుంచి ఆయన పక్కన కూర్చుని గడులు నింపిందట. ఆయనకో అలవాటుంది. ఏ డిజైన్ గీసినా లతల మధ్య ఎక్కడో ఒకచోట చిన్న పిచ్చుకని పెడతాడు. చీర మీద సేటు తన పేరు వేసుకుంటాడు, షాపువాడు ఇంకో పేరు పెట్టుకుంటాడు, పిచ్చుక మాత్రం అలాగే ఉంటుంది. పెళ్ళిళ్ళలో ఎవరో ఆడమనిషి పక్కనుంచి నడిచి వెళ్తే ఆయన అంచు చూసి తనలో తను నవ్వుకుంటాడట. ఎవరికీ చెప్పడు. ఈ అలవాటు గుర్తుంచుకోండి, దీంతో పనుంది.

సరోజన వచ్చింది రెండు వేల ఇరవై రెండు సెప్టెంబరులో. ఆ ఏడు మా వీధిలో ఏ బేస్‌మెంట్ చూసినా స్టూడెంట్లే. బస్సులో నిలబడే చోటుండేది కాదు. కొత్త కిరాణా షాపు తెరుస్తున్నారంటే రెజ్యూమెలు పట్టుకుని పిల్లలు వీధి చివరిదాకా వరస కట్టేవాళ్ళు. మా ఇంట్లో ఆడపిల్లలకే అద్దె. మగపిల్లలు గడప తొక్కకూడదని తలుపు మీద కాగితం అంటించాను. ఇద్దరు ఆడపిల్లల్ని ఒక గదిలో పెడితే ఇక ఏ గొడవా ఉండదని నా గట్టి నమ్మకం. ఇక్కడున్న తెలుగు ఆంటీలందరి నమ్మకమూ అదే. ఇండియా నుంచి తల్లులు ఫోన్ చేసి "మీ ఇంట్లో అయితే మాకు బెంగ లేదండీ" అంటుంటే పొంగిపోయేదాన్ని.

ఆ గదిలో రెండో అమ్మాయి మృదుల. విజయవాడ పిల్ల, కళైన మొహం, మాటకారి. ఇద్దరూ ఒకే కాలేజీ, ఒకే వేర్‌హౌస్‌లో పని. సరోజన పొడుగ్గా, భుజాలు కాస్త వెడల్పుగా ఉంటుంది. అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకుంటుంది. మృదుల అడగనివాటికీ జవాబులు చెప్తుంది. నాకు మొదట్లో మృదులే ఎక్కువ నచ్చింది. ఆ సంగతి తల్చుకుంటే ఇప్పుడు నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

మొదటి మంచు పడిన రోజు మృదుల ఒక శాలువా కప్పుకుని బస్ స్టాప్‌కి వెళ్ళింది. గ్లవ్స్ లేవు. సరోజన అప్పటికే పాత బట్టల షాపులో ఒక జాకెట్ కొనుక్కుంది. నారింజ రంగుది, మగవాళ్ళ సైజు, మైలు దూరం నుంచి కనిపిస్తుంది. ఎడమ జేబు చిరిగి ఉంటే వాళ్ళ నాన్న గీసిన పచ్చంచు ముక్క పెట్టి కుట్టింది. ఆ ముక్కలో పిచ్చుక కూడా ఉంది. ఆ రోజు సరోజన తన ఎడమ గ్లవ్ తీసి మృదులకిచ్చి, మృదుల కుడి చెయ్యి తన చేతితో పాటు ఆ జేబులో పెట్టుకుంది. బస్సు నలభై నిమిషాలు రాలేదు. ఈ సంగతి నాకు మృదులే చెప్పింది, నవ్వుతూ.

తర్వాత రీల్స్ మొదలయ్యాయి. ఇద్దరూ ఒకే రకం హుడీలు వేసుకుని, ఒకే ఇయర్‌ఫోన్ చెరో చెవిలో పెట్టుకుని, సరోజన డబ్బాలోంచి మృదుల కోడిగుడ్డు కూర తింటూ. కింద మృదుల "మేమేంటో మీరే చెప్పండి" అని రాసేది. ఫ్రెండ్సా, ఇంకేమైనానా అని జనం కామెంట్లలో కొట్టుకు చచ్చేవాళ్ళు. ఎవరు ఏమడిగినా మృదుల ఒక కన్ను కొట్టే బొమ్మ పెట్టేది తప్ప అవుననీ చెప్పదు, కాదనీ చెప్పదు. జూన్‌లో ఇక్కడ ఆడవాళ్ళని ప్రేమించే ఆడవాళ్ళూ మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళూ ఏడురంగుల జెండాలతో ఊరేగుతారు, ఆ నెలలో చేతికి ఏడురంగుల రిబ్బన్ కట్టుకుని వీడియో తీసింది. చూసేవాళ్ళు వేలల్లో పెరిగారు. ఒక బబుల్ టీ షాపువాళ్ళు పిలిచి ఇద్దరి చేతా ఒకే స్ట్రాతో తాగించారు. నేను కూడా లైక్ కొట్టాను. పిల్లలు సరదాగా ఉన్నారనుకున్నాను.

మాంగా సంగతికి వస్తాను. ఒకరోజు సరోజన మా బల్ల దగ్గర టాబ్లెట్‌లో ఏదో చేస్తోంది. బొమ్మల్లో మాటలుండే బుడగలు తుడిచి అందులో తెలుగు రాస్తోంది. జపాన్ వాళ్ళు పైనుంచి కిందికి రాస్తారు కాబట్టి ఆ బుడగలు నిలువుగా, సన్నగా ఉంటాయి. మన మాటలు అడ్డంగా సాగుతాయి, పట్టవు. అందుకని పొట్టి మాటలు వెతుక్కుంటోంది. ఈ కథలు చదవడానికే నాలుగేళ్ళు కూర్చుని ఆ భాష నేర్చుకుందట. ఎవరి కోసం రాస్తున్నావంటే "ఎవ్వరి కోసం కాదు ఆంటీ. తెలుగుల ఉంటే ఎట్లుంటదో చూద్దామని" అంది. నాకు చూపించమన్నాను. కుడి నుంచి ఎడమకి చదవాలని చెప్పింది. రెండు రోజులు తల తిరిగింది, మూడో రోజు నుంచి అలవాటైంది.

సముద్రం పక్కన చిన్న ఊరు. అందులో ఒకమ్మాయికి రొట్టెల కొట్టు. ఎదురుగా పోస్టాఫీసులో ఇంకో అమ్మాయి. పోస్టాఫీసు అమ్మాయికి మాడిన అంచంటే ఇష్టమని, రోజూ ఒక రొట్టె కావాలని మాడ్చి దాచిపెడుతుంది కొట్టమ్మాయి. జ్వరమొస్తే నుదుటికి నుదురు ఆనించి చూస్తుంది. వానలో ఒక గొడుగు. ప్రతి సంపుటం అట్ట మీద లిల్లీ పూల మధ్య ఇద్దరూ వేళ్ళు పెనవేసుకుని ఉంటారు. జూన్ వస్తే ఆ కంపెనీవాళ్ళు పుస్తకాలకి ఏడురంగుల కాగితం చుట్టి అమ్మేవాళ్ళు. ఇద్దరూ ఎప్పుడు చెప్పుకుంటారా అని నేను డేకేర్‌లో పిల్లలకి డైపర్లు మారుస్తూ ఆలోచించేదాన్ని. తప్పేమో అని మొదట్లో అనిపించిన మాట నిజం. నాలుగో సంపుటానికి ఆ ఆలోచన ఎటు పోయిందో పోయింది.

"అన్నీ ఇలాగే నానుస్తారా?" అని అడిగాను.

"లేదు ఆంటీ. సాఫ్‌గా చెప్పేటోళ్ళు కూడ ఉన్నరు" అని ఇంకో రెండు చూపించింది. ఒకదాంట్లో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి కాపురం ఉంటారు, వండుకుంటారు, ఎవరు గిన్నెలు తోమాలని పోట్లాడుకుంటారు, ఒకామె తల్లికి సంగతి చెప్పి ఏడుస్తుంది. ఇంకోదాంట్లో స్కూలు పిల్లలు, చదువైపోగానే మరిచిపోవాల్సిన సరదా అన్నట్టు రాశాడు. పాతకాలంలో అలాగే రాసేవాళ్ళట. "చెప్పే ధైర్యమున్నోళ్ళు చెప్తున్నరు. వీళ్ళకు మాత్రం మనం కావాలె, మన మాట వద్దు" అంది సరోజన. అప్పుడు ఆ 'మన' నేను పట్టించుకోలేదు.

రెండు వేల ఇరవై నాలుగు ఫిబ్రవరిలో ఆఖరి భాగం వచ్చింది. పోస్టాఫీసు అమ్మాయి ఒక ఇన్‌స్పెక్టర్ని పెళ్ళి చేసుకుంది. అతగాడు కథలోకి వచ్చిందే పదమూడో సంపుటంలో. కొట్టమ్మాయి ఆ పెళ్ళికి కేకు చేసింది. పెళ్ళికూతురు మొగుడితో అంటుంది, మాడిన అంచు అంటే నాకెందుకిష్టమో నీకు చెప్పాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను అని. రొట్టె మాడ్చిందెవరు, ఎవరికి చెప్తోందిది? చివర రచయిత ఉత్తరం ఒకటి. ఇది ఒక అందమైన స్నేహం కథ అట. పాఠకులు రకరకాలుగా ఊహించుకోవడం తనకి సరదాగా అనిపించిందట. నేను ఆ కంపెనీకి నాలుగు పేజీల ఉత్తరం తెలుగులో రాసి పోస్ట్ చేశాను. వాళ్ళకి అర్థం కాకపోయినా నా చేతిరాత చూస్తే కోపం తెలుస్తుంది.

సరోజన ఆ ఆఖరి భాగం నాకు నోటితో చదివి చెప్పింది, కానీ తెలుగు రాయకుండా బుడగలన్నీ ఖాళీగా వదిలేసింది.

మార్చిలో మృదుల పైకొచ్చి స్వీట్ పెట్టింది. సంబంధం కుదిరిందట. అబ్బాయి శ్రీహర్ష, హైదరాబాద్ వాళ్ళు, అమెరికా నుంచి ఇటు వచ్చి పీఆర్, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతి, తీసుకున్నాడు. లండన్ ఊళ్ళో, అంటే ఇక్కడి ఒంటారియో లండన్‌లో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మాట్రిమోనీలో చూసుకుని మూడు వీడియో కాల్స్, రెండు కాఫీలు, అంతే. ఆ వారంలోనే సరోజన ఉన్న రీల్స్ అన్నీ తీసేసి, ఏప్రిల్‌లో వేరే ఇంటికి మారిపోయింది. వెళ్తూ నాతో "మా అమ్మ ఎప్పుడైనా అడిగితే సరోజన జస్ట్ రూమ్మేట్ అని చెప్పండి ఆంటీ" అంది. జస్ట్ రూమ్మేట్ కాకపోతే ఇంకేంటి అనుకున్నాను నేను, మట్టిబుర్రని.

ఒక ఆదివారం సరోజన చపాతీలు వత్తుతూ, తలెత్తకుండా చెప్పింది. మొదట చెప్పిందీ మృదులే, దగ్గరకొచ్చిందీ మృదులే. కింద లాండ్రీ గదిలో, డ్రయర్ తిరుగుతుంటే ముద్దు పెట్టుకుంది. "ఆ రోజు ఫోన్ ఛార్జింగ్‌ల ఉండె ఆంటీ. కెమెరా లేదు. అందుకే నిజమనుకున్న."

నాకేమనాలో తెలియలేదు. తెలియనప్పుడు నోరు మూసుకోవచ్చు. నేను మూసుకోలేదు.

"ఏదో చనువుకొద్దీ చేసుంటుందే. నువ్వే ఎక్కువ ఊహించుకున్నావేమో" అన్నాను.

సరోజన చేతులు ఆగిపోయాయి. "ఆమె గూడ గదే అన్నది ఆంటీ. అదంతా ఫ్రెండ్లీగానే కదా సరూ, నువ్వే ఎక్కువ ఊహించుకున్నావ్, అని. గవ్వే మాటలు." చపాతీ అలాగే వదిలేసి కిందికి వెళ్ళిపోయింది. రెండు రోజులు పైకి రాలేదు.

ఆ రెండు రోజుల్లో నాకు ఆ రచయిత ఉత్తరం గుర్తొచ్చింది. ఏ మాట అన్నందుకు నేను జపాన్‌కి నాలుగు పేజీలు తిట్లు పంపానో, ఆ మాటే నా ఇంట్లో, నా చేత్తో అన్నం తినే పిల్లని అన్నాను. మూడో రోజు కిందికి దిగి లాండ్రీ గది మెట్టు మీద కూర్చుని సారీ చెప్పాను. నాకంటే చిన్నవాళ్ళకి సారీ చెప్పడం నా జీవితంలో అదే మొదలు. "లేవండి ఆంటీ, మోకాళ్ళు పట్టుకుంటయి" అంది. లేచాను. కానీ కోపం లేవలేదు, అది అక్కడే పాతుకుపోయింది. ఈ పిల్లకి న్యాయం జరిగితే కళ్ళారా చూడాలని ఆ రోజే అనుకున్నాను.

మే నెలలో మృదుల సరోజనకి ఫోన్ చేసింది. జులైలో ఇక్కడే బాంక్వెట్ హాల్లో ఎంగేజ్‌మెంట్. పెద్దవాళ్ళు విజిటర్ వీసా మీద వస్తున్నారు. ఈ మధ్య అన్ని ఫంక్షన్లలో వేస్తున్నట్టే స్టేజీ మీద పెద్ద ఎల్ఈడీ తెర పెట్టి అమ్మాయీ అబ్బాయీ ప్రేమకథ వేస్తారు. శ్రీహర్షకి మాంగా ఇష్టమట. అందుకని పన్నెండు పేజీలు మాంగాలాగా సరోజన గీసివ్వాలి. "నువ్వు తప్ప ఎవరు గీస్తారు సరూ? ఫ్రెండ్‌కి ఈ మాత్రం చేయవా?" అని అడిగింది. కథేమిటో వాయిస్ మెసేజీల్లో పంపింది.

సరోజన ఆ మెసేజీలు నా బల్ల మీద పెట్టి వినిపించింది. మొదటి మంచు, బస్ స్టాప్, ఒక గ్లవ్ తనకిచ్చి రెండో చెయ్యి జేబులో పెట్టుకోవడం. ఇంటర్వ్యూ పోయిన రోజు డబ్బాలో కోడిగుడ్డు కూర. ఒకే ఇయర్‌ఫోన్. ప్రతిదాంట్లో "హర్ష అప్పుడు ఏం చేశాడంటే" అంటోంది. గొంతు తొణకలేదు.

"ఇవన్నీ నీవి కదే" అన్నాను.

"అవును. ఆయనతోని రెండు కాఫీలే ఉన్నయి కదా. పన్నెండు పేజీలు ఎట్ల నిండుతయి?"

నా చెవుల్లోంచి పొగలొచ్చాయి. మృదుల పాత రీల్స్ ఎవరి దగ్గరైనా ఉంటాయి, అవే పట్టుకెళ్ళి ఆ తెర మీద వేయిద్దాం, పెద్దవాళ్ళందరి ముందూ నేనే మైకు పట్టుకుని చెప్తాను అన్నాను. నిజంగానే చెప్పేదాన్ని. సరోజన తల అడ్డంగా ఊపింది.

"అందరి ముందట చెప్తే ఏమైతది ఆంటీ? రేపటికి అందరికీ ఆమె పాపమైతది, నేను పాపిష్టిదాన్నయిత. వాళ్ళమ్మ టికెట్ తీసి ఇంటికి తీస్కపోతది. నాకు అది వద్దు. ఆమె పెండ్లి చెడగొట్టుడు నాకు అవసరం లేదు."

"మరేం కావాలి నీకు?"

"ఆమెకు తెల్వాలె. ఆమె ఒక్కదానికే తెల్వాలె. బతికినన్ని రోజులు తెల్వాలె."

మృదులకి ఫోన్ చేసి సరేనంది. అవతల నుంచి అరుపులు, ముద్దులు. "అయితే చెప్పింది చెప్పినట్టే గీస్త" అంది సరోజన.

మూడు వారాలు మా బల్ల మీదే గీసింది. గడి గడి నింపే చెయ్యి కదా, తొందరపడదు. మాంగా పనిలో ముందు పెన్సిల్‌తో గళ్ళు గీసి, ఎవరెక్కడ నిలబడాలో చూపించే చిత్తు తయారుచేస్తారు. ఆ చిత్తు మృదులకి పంపింది. అందులో మనుషులు గుండ్రటి తలలు, రెండు గీతలు. మృదుల చూసి "సూపర్, గో అహెడ్" అని రాసింది. తర్వాత ఇంకేమీ అడగలేదు. చీరలు కొనుక్కునే హడావుడిలో ఉంది.

పూర్తయ్యాక నాకు చూపించింది. ప్రతి బొమ్మలో ముఖం శ్రీహర్షదే, ఫొటో పెట్టి గీసినట్టుంది. గడ్డం, కళ్ళజోడు అన్నీ అతనివే. కానీ ఒంటి మీద నారింజ జాకెట్. ఎడమ జేబుకి పచ్చంచు అతుకు. బొటనవేలి పక్కన వేర్‌హౌస్‌లో బాక్స్ కట్టర్ తగిలి సరోజనకి పడిన గాటు. చేతిలో మూత సొట్టపడ్డ డబ్బా, అది ఇప్పటికీ నా గిన్నెల బుట్టలో ఉంది. నిలబడే తీరు కూడా సరోజనదే, ఒక భుజం కాస్త వంచి. ప్రతి పేజీలో ఎక్కడో ఒకచోట, బస్ స్టాప్ పైనో, కిటికీ అంచునో, ఒక పిచ్చుక. ఆఖరి పేజీలో స్టేజీ మీద అమ్మాయీ అబ్బాయీ పట్టుబట్టల్లో ఉన్నారు. కింద మొదటి వరసలో ఒక ఖాళీ కుర్చీ, దాని వీపుకి ఆ జాకెట్ వేలాడుతోంది.

ఒక్క అబద్ధం లేదు. ఒక్క నిందా లేదు. తొమ్మిదేళ్ళ పాటు ఆ జపాన్ రచయిత ఏ విద్యతో మమ్మల్ని ఆడించాడో, ఆ విద్యతోనే కొట్టింది ఈ సిరిసిల్ల పిల్ల. అన్నీ చూపించింది, ఏదీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే ఏముంది, ప్రేమకథే కదా.

ఎంగేజ్‌మెంట్ జులై రెండో శనివారం. సరోజన ముదురు నీలం పట్టుచీర కట్టుకుంది. నేను ఇంట్లోంచి బయల్దేరుతూ ఆ జాకెట్ చంకన పెట్టుకున్నాను. ఇది సరోజన చెప్పింది కాదు, నా సొంత బుద్ధి. "జులైల జాకెట్ ఎందుకు ఆంటీ?" అంది. "హాల్లో ఏసీ ఎక్కువ" అన్నాను. ఒక్క క్షణం నా వైపు చూసి కారెక్కింది.

మొదటి వరసలో నా పక్క కుర్చీ ఖాళీగా ఉంచి, దాని వీపుకి జాకెట్ తగిలించి, అతుకున్న జేబు స్టేజీ వైపు కనపడేలా సర్దాను. ఎవరో ఆవిడ కూర్చోబోతే మనిషి వస్తున్నారని చెప్పాను.

దీపాలు తగ్గించారు. తెర మీద మంచు పడింది. బస్ స్టాప్‌లో శాలువా కప్పుకుని మృదుల, పక్కన జాకెట్‌లో శ్రీహర్ష. హాలంతా ఈలలు. శ్రీహర్ష తల్లి "వీడు బస్సెప్పుడెక్కాడు?" అని పక్కావిడని అడుగుతోంది. నేను తెర వైపు చూడలేదు, అప్పటికే కంఠతా వచ్చు. స్టేజీ మీద సోఫాలో కూర్చున్న మృదులని చూస్తున్నాను. మొదటి పేజీకి నవ్వుతోంది. రెండో పేజీలో తెరంత పెద్దదిగా జేబు, అందులోకి వెళ్తున్న రెండు చేతులు, అతుకు మీద పిచ్చుక. నవ్వు అలాగే ఉంది, కానీ కళ్ళు ఆగిపోయాయి. నాలుగో పేజీలో సొట్ట డబ్బా వచ్చింది. నవ్వడం మర్చిపోయింది. చూసినవాళ్ళు సిగ్గుపడుతోంది అనుకున్నారు. ఎనిమిదో పేజీలో ఎవరూ లేని ఒక గది, అందులో తిరుగుతున్న డ్రయర్. అది మృదుల చెప్పిన కథలో లేదు, పంపిన చిత్తులోనూ ఆ గడి ఖాళీగానే ఉంది. ఏ కథా లేకుండా ఒకే ఒక్క బొమ్మ. జనానికి అర్థం కాక చప్పట్లు కొట్టారు. మృదుల చెయ్యి సోఫా అంచుని పట్టుకుంది.

ఆఖరి పేజీలో ఖాళీ కుర్చీ వచ్చింది. దీపాలు వెలిగాయి. మృదుల కిందికి చూసింది. మొదటి వరసలో నిజం కుర్చీ, నిజం జాకెట్, దాని పక్కన నేను. నేను చెయ్యి ఊపాను. నాకు ఎంత హాయిగా ఉందో దాచుకోను. చాన్నాళ్ళకి కడుపు నిండినట్టయింది.

భోజనాల ముందు మృదుల చీర కుచ్చిళ్ళు పట్టుకుని మా దగ్గరికొచ్చింది. మొహం మీద ఫొటోల నవ్వు, గొంతు మాత్రం కింద.

"ఏంటి సరూ ఇది?"

"ఏది?"

"ఆ జాకెట్. ఆ చెయ్యి మీద గాటు. ఆ డ్రయర్... ఎందుకు గీశావ్?"

సరోజన మృదుల మొహం కేసి చూసింది. నాకు భయమేసింది, ఏడుస్తుందేమో, లేకపోతే జాలిపడుతుందేమో అని. రెండూ చేయలేదు.

"ఫ్రెండ్లీగానే గీసిన కదా మృదులా. నువ్వే ఎక్కువ ఊహించుకుంటున్నవ్."

మృదుల పట్టుకున్న కుచ్చిళ్ళు వదిలేసింది. ఆ మాట మొదట అన్నది అదే కదా.

అప్పుడే శ్రీహర్ష వచ్చాడు. మంచి పిల్లాడు, మనిషిని చూస్తే జాలేసింది, కాదనను. "సరోజన గారూ, అమేజింగ్ అండీ. ఈ పన్నెండు పేజీలూ ప్రింట్ తీయించి మా హాల్లో సోఫా పైన పెట్టిస్తాను. కథ కొంచెం కల్పించానని మృదుల ముందే చెప్పింది. కల్పించినా ఎంత రియల్‌గా ఉందో. ఆ జాకెట్ మాత్రం నాకు పిచ్చిపిచ్చిగా నచ్చింది. అలాంటిది ఎక్కడ దొరుకుతుంది?"

సరోజన వెనక్కి తిరిగి కుర్చీ మీంచి జాకెట్ తీసింది. అది రెండు చలికాలాలు కాపాడిన జాకెట్, నాన్న గీత ఉన్న జాకెట్. ఒకసారి అతుకు మీద బొటనవేలు పెట్టి రాసింది. తర్వాత మడత పెట్టి అతని చేతిలో పెట్టింది.

"ఇది మీకే. నా గిఫ్ట్ అనుకోండి."

అతను అక్కడే షేర్వాణీ మీద తొడుక్కున్నాడు. సరిగ్గా సరిపోయింది. "చూడు మృదులా, కథలో లాగే" అని ఎడమ జేబు తెరిచి పట్టుకున్నాడు. ఫొటోగ్రాఫర్ వచ్చాడు. మృదులకి వేరే దారి లేక చెయ్యి పెట్టింది. నేను అన్నం వడ్డించుకోవడానికి వెళ్ళాను. ఆ రోజు రెండుసార్లు వడ్డించుకున్నాను.

కారులో సరోజన ఏడ్చింది. గెలిచినందుకా, జాకెట్ పోయినందుకా అని అడగలేదు. అక్టోబర్లో నేను కొత్త జాకెట్ కొనిచ్చాను, నీలంది. ఇప్పుడు సొంతంగా తెలుగులో మాంగా గీస్తోంది. ఇద్దరమ్మాయిలు, బ్రాంప్టన్, ఒక వేర్‌హౌస్. మొదటి పేజీలోనే ఒకమ్మాయి ఇంకో అమ్మాయితో సంగతి చెప్పేస్తుంది. మిగతా కథంతా ఆ తర్వాత గిన్నెలు ఎవరు తోమాలనే. మా తలుపు మీద కాగితం కూడా తీసేశాను. అది ఎవరి నుంచి ఎవరిని కాపాడుతోందో నాకే తెలియలేదు.

డిసెంబరులో మృదుల ఒక ఫొటో పెట్టింది. విజయవాడలో పెళ్ళయి లండన్‌లో కాపురం పెట్టాక మొదటి మంచు అట. ఇంటి ముందు ఇద్దరూ నిలబడ్డారు. కిటికీలోంచి హాల్లో సోఫా పైన వరసగా ఫ్రేములు కనిపిస్తున్నాయి. శ్రీహర్ష నారింజ జాకెట్ వేసుకుని, ఎడమ జేబు తెరిచి పట్టుకుని నవ్వుతున్నాడు. అతుకు మీద పిచ్చుక స్పష్టంగా ఉంది. నేను ఫొటో పెద్దది చేసి చూశాను. మృదులకి గ్లవ్స్ లేవు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడింది.